వాడపల్లి రేవు ముచ్చట్లు – 31: పాట కింద పేరెవరిది?



చదవాల్సిన పుస్తకాల జాబితా పెట్టినప్పటి నుంచి కోదాడ, సూర్యాపేట కాలేజీల తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒకటే అడుగుతున్నరు. "అన్నా, వినాల్సిన పాటల జాబితా ఎప్పుడు పెడ్తవ్?" ఈ వారం పెడుతున్న. మూడు ఆల్బమ్‌లు. ఒకటి జాజ్, ఒకటి ఫోక్, ఒకటి తన పాట తానే రాసుకొని పాడుకునే ఇండీ కళాకారుడిది. మూడూ 2024, 2025లో వచ్చినవే. యూట్యూబ్‌ల వెతకండి.

అయితే మూడూ విన్నంక నాకొక ప్రశ్న మిగిలింది. దాన్ని ముందే చెప్తా. ఈ కళాకారులు తమ పాట ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరి దగ్గర నేర్చుకున్నరో పేరు పెట్టి మరీ చెప్పుకున్నరు. మన వాడల నుంచి రోజూ వందల పాటలు బయటికి పోతున్నయ్. వాటి కింద మనోళ్ల పేరు ఎందుకుండదు?

1. బాల్డ్విన్ పేరు మీద ఒక ఆరాధన

మొదటిది మిషెల్ ఎన్‌డెగెయోచెల్లో ఆల్బమ్ 'నో మోర్ వాటర్: ది గాస్పెల్ ఆఫ్ జేమ్స్ బాల్డ్విన్'. ఆమె నల్లజాతి గాయని, బాస్ గిటార్ వాయిస్తది, పాటలూ రాస్తది. రచయిత బాల్డ్విన్ 1924 ఆగస్టు 2న పుట్టిండు. సరిగ్గా నూరేండ్లకు, 2024 ఆగస్టు 2న ఈ ఆల్బమ్ విడుదలైంది. 2025లో గ్రామీ కూడా గెలిచింది.

జాజ్ అంటే స్టార్ హోటళ్లల్ల కోట్లు తొడుక్కున్నోళ్లు వినే సంగీతమని మన దగ్గర ఒక అపోహ ఉన్నది. అది న్యూ ఆర్లీన్స్‌ల బానిసల పిల్లలు, మనవళ్లు పుట్టించిన సంగీతం. ఈ ఆల్బమ్ ఆ మూలాన్ని మరువలేదు. బాల్డ్విన్ 1963లో రాసిన 'ది ఫైర్ నెక్స్ట్ టైమ్' చిన్న పుస్తకం. అందులో మొదటి భాగం తమ్ముని కొడుకుకు రాసిన ఉత్తరం. లోకం నీకు పెట్టిన పేరును నువ్వు నమ్మకు అని ఆ పిల్లగానికి నచ్చజెప్పే ఉత్తరం అది. 'కులనిర్మూలన' చదివిన ఎవరికైనా ఆ గొంతు పరాయిదనిపించదు.

మన వాడల్ల చర్చి ఆరాధన చూసినోళ్లకు ఈ ఆల్బమ్ కట్టడం వెంటనే అర్థమైతది. పాట, మాట, సాక్ష్యం, మళ్లీ పాట. జమైకా కవయిత్రి స్టేసియాన్ చిన్ మధ్యమధ్యల లేచి మాట్లాడుతది. 'రెయిజ్ ది రూఫ్' అనే చోట పోలీసుల చేతుల్ల పోయిన నల్ల ప్రాణాల గురించి ఆమె మాట్లాడుతుంటే వెనక వాద్యాలు తగ్గి, తగ్గి, ఊపిరి లెక్క అయితయ్. ఏడుపు పెట్టించాలని ఎక్కడా ప్రయత్నం లేదు. కోపాన్ని వాయిద్యం మీద అట్ల నిలబెట్టడం ఎంత కష్టమో సభల్ల పాడినోళ్లకు తెలుసు.

లోపం కూడా చెప్తా. గంట దాటి నడుస్తది. కొన్ని చోట్ల మాట పాటను మింగేసింది. బస్సుల కూసొని వినేది కాదు, రాత్రిపూట ఒక్కరే కూసొని వినాలె.

ఇది వింటుంటే నాకు మిర్యాలగూడ గుర్తొచ్చింది. 2018 సెప్టెంబరు 14న ప్రణయ్‌ని దవాఖాన ముందు నరికి చంపినంక మన పిల్లలు ఎన్ని పాటలు కట్టలేదు! ఫోన్ నుంచి ఫోన్‌కు పోయినయ్. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు తీర్పు వచ్చింది. ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం. తీర్పు కాగితంల దోషుల పేర్లు వరుసగా ఉన్నయ్. ఆ రోజుల్ల నేను విన్న పాటల్ల ఎవరు రాసిండ్రో తెలిసినవి రెండు కూడా లేవు. బాల్డ్విన్ మీది పాటలను నూరేండ్ల పండుగకు ఆల్బమ్ చేసి దాచుకున్నరు. మన దుఃఖం మీది పాటలు ఫోన్ మారితే పోయినయ్.

2. సొరకాయ బుర్ర, తోలు, తీగ

రెండోది రియానన్ గిడెన్స్, జస్టిన్ రాబిన్సన్ కలిసి చేసిన 'వాట్ డిడ్ ది బ్లాక్‌బర్డ్ సే టు ది క్రో'. 2025 ఏప్రిల్‌ల వచ్చింది. ఆమె బ్యాంజో, ఆయన ఫిడేలు. ఇద్దరూ అమెరికాల నార్త్ కరోలినా రాష్ట్రం నల్లజాతి బిడ్డలు.

ఈ ఇద్దరికీ గురువు జో థాంప్సన్. నార్త్ కరోలినా పల్లెల్ల నల్లవాళ్లు ఆడుకునే పాత పాటలను ఫిడేలు మీద వాయించిన పెద్దమనిషి. 2012లో చనిపోయిండు. 2005 ప్రాంతంల వీళ్లు వారం వారం ఆయన ఇంటికి పోయి, పక్కన కూసొని, ఆయన వాయిస్తుంటే వాయించి నేర్చుకున్నరు. ఇప్పుడు ఈ ఆల్బమ్‌ను స్టూడియోల చేయలేదు. ఆ గురువు ఇంటి దగ్గర, గిటార్ వాయించిన ఎట్టా బేకర్ ఇంటి దగ్గర, ఒకప్పటి బానిసల తోట దగ్గర, ఆరుబయట కూసొని రికార్డు చేసిండ్రు. పాట వెనక కీచురాళ్ల మోత, పిట్టల కూత వినబడుతనే ఉంటది. మెరుగులు దిద్దిన సంగీతం కావాలనుకునేటోళ్లకు ఇది ముడిసరుకు లెక్క అనిపిస్తది. నాకు మాత్రం కళ్లం కాడ కూసొని విన్నట్టే ఉంది.

ఇక్కడ బ్యాంజో కథ తెలుసుకోవాలె. ఈ వాద్యం ఆఫ్రికా వాళ్లది. సొరకాయ బుర్రకు తోలు బిగించి, తీగలు కట్టి వాయించేది. బానిసలుగా పట్టుకొచ్చినోళ్లు అమెరికాల మళ్లీ తయారు చేసుకున్నరు. 1840ల నాటికి తెల్లోళ్లు మొఖానికి మసి పూసుకొని, బ్యాంజో పట్టుకొని, నల్లోళ్లను వెక్కిరిస్తూ స్టేజీ ఆటలు ఆడిండ్రు. ఆ అవమానం తట్టుకోలేక నల్లోళ్లే బ్యాంజోను వదిలేసిండ్రు. తర్వాత అది తెల్ల కొండపల్లెల వాద్యమని పేరు పడ్డది. 2024లో బియాన్సే 'టెక్సాస్ హోల్డెమ్' పాట మొదట్ల వినపడే బ్యాంజో ఈ గిడెన్స్‌దే. తమ వాద్యం తమదని చెప్పడానికి వాళ్లకు నూట యాభై ఏండ్లు పట్టింది.

ఇది చదివి డప్పు గుర్తు రానోడు మన వాడల ఎవడన్నా ఉంటడా? డప్పు మన చేతిల అవమానం. సచ్చిన కాడికి పిలిస్తే పోవాలె, జాతరల కొట్టాలె, గుడి లోపలికి మాత్రం పోవద్దు. ఊరి చాటింపుకు కొట్టాలె, కచ్చేరి గద్దె ఎక్కొద్దు. అందుకే మా తండ్రుల తరంల చాలామంది వెట్టి డప్పు కొట్టమని డప్పు కింద పెట్టిండ్రు. దాని కోసం దెబ్బలు తిన్నరు, ఊరి బహిష్కారం చూసిండ్రు. అది పోరాటమే, దాన్ని తక్కువ చేసి మాట్లాడొద్దు. ఇయ్యాల అదే డప్పు యూనివర్సిటీ ఊరేగింపుల్ల, ధర్నా చౌక్‌ల మోగుతున్నది. సిర్ర, చిటికెన పుల్ల పట్టుకున్న పిల్లల చేతిల అదిప్పుడు వెట్టి కాదు. రెండు పనులూ మనమే చేసినం. వదిలేసిందీ మనమే, తిరిగి ఎత్తుకున్నదీ మనమే. గిడెన్స్ ఆల్బమ్ వింటే ఈ రెండింటి మధ్య గొడవ లేదని అర్థమైతది.

కిన్నెర సంగతీ అంతే. సొరకాయ బుర్రలు, వెదురు, తీగలు. డక్కలి వాళ్లు మాదిగల ముందు జాంబ పురాణం చెప్పేటప్పుడు వాయించే వాద్యం. సముద్రాలు దాటితే దానికి చుట్టం బ్యాంజో.

3. అవ్వ పేరు మీద ఆల్బమ్

మూడోది మన పక్క రాష్ట్రం. అరివు చేసిన 'వల్లియమ్మ పేరాండి', 2024. పేరుకు అర్థం వల్లియమ్మ మనవడు. ఆల్బమ్ అట్ట మీదనే అవ్వ పేరు! వల్లియమ్మ శ్రీలంక తేయాకు తోటల్ల కూలి చేసి తిరిగొచ్చిన మనిషి. ఆమె చెప్పిన కథలు, సచ్చినోళ్ల మీద ఆడోళ్లు పాడే ఒప్పారి ఏడుపు, పరై దరువు, ర్యాప్ కలిస్తే అరివు పాట. పరై అంటే మన డప్పుకు తోడబుట్టింది.

అరివు అరక్కోణం దళితవాడ పిల్లగాడు. 2018 జనవరిల పా. రంజిత్, సంగీత దర్శకుడు తెన్మా కలిసి మద్రాసుల నిలబెట్టిన 'క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' బృందంల పాడిండు. 2019ల 'తెరుక్కురల్' ఆల్బమ్ చేసిండు. 2021 మార్చిల ధీతో కలిసి పాడిన 'ఎంజాయ్ ఎంజామి' దేశమంతా మోగింది, మీరందరూ డ్యాన్స్ చేసిన పాటే. భూమి లేని కూలోళ్ల కథ అది.

మరి ఆ పాటకు ఏమైంది? 2021 ఆగస్టుల రోలింగ్ స్టోన్ ఇండియా పత్రిక అట్ట మీద ధీ ఫొటో, ఇంకో గాయకుడి ఫొటో వేసి అరివును వదిలేసింది. పా. రంజిత్ బహిరంగంగా అడిగినంక, గొడవైనంక అరివుకూ ఒక కవర్ వేసిండ్రు. 2022 జులైల చెన్నై చెస్ ఒలింపియాడ్ ప్రారంభంల ఆ పాట పాడినప్పుడు వేదిక మీద అరివు లేడు. అప్పుడు ఆయన ఈ పాట తనే రాసి, కట్టి, పాడినట్టు రాసుకున్నడు. సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్ ముగ్గురికీ సమాన వాటా అన్నడు. 2024 మార్చిల ఆయనే, ఆ పాట మీద ఇప్పటిదాకా తమకు పైసా రాలేదని చెప్పిండు. కోట్ల మంది విన్న పాట! పేరు కోసం కొట్లాట, పైసల కోసం కొట్లాట. ఆ కొట్లాట తర్వాత వచ్చిన ఆల్బమ్‌కు అరివు తన పేరు కన్న ముందు అవ్వ పేరు పెట్టుకున్నడు. అది చూసే నేను దీన్ని జాబితాల పెట్టిన.

సంగీతంగా చూస్తే అన్ని పాటలూ ఒక తీరుగ లేవు. కొన్నిట్ల చప్పుడు ఎక్కువై సినిమా పాటలకు దగ్గరైనయ్. తమిళం రానోళ్లకు ఆ వేగంల మాట అందదు. అయినా మొదటిసారి దరువు కోసం వినండి, రెండోసారి పక్కన తమిళం తెలిసిన దోస్తును కూసోబెట్టుకొని వినండి.

4. మన దిక్కు సంగతి

ఇప్పుడు మన తెలుగు నేలకొద్దాం. మన దగ్గర ఆల్బమ్‌ల కన్న ఒక్కో పాటే వీడియోగా వచ్చుడు ఎక్కువ. వాటిల్ల బలమున్నది, బతుకున్నది. నేను వాటికి వ్యతిరేకం కాదు, రోజూ వింట. కాని కింద రాసిన పేర్లు ఎప్పుడన్నా చదివిండ్రా?

మా వైపు ఒక అవ్వ ఉన్నది. సాగర్ ఎడమ కాలువ కింద నలభై ఏండ్లు నాట్లేసింది. నాటు పాటల్ల ఆమెకు సాటి లేరు. పాత పాటకు ఆమె తనవే నాలుగు చరణాలు కట్టింది: దొర పొలం, కాలువ నీళ్లు, కూలి డబ్బులు ఎగ్గొట్టిన ముఠా మేస్త్రి, అన్నీ ఉన్నయ్ అందుల. ఒక ఛానల్ పిల్లలొచ్చి ఫోన్‌ల రికార్డు చేసుకున్నరు. ఒక చీర, ఐదువందల నోటు చేతిల పెట్టిండ్రు. మూడు నెలలకు ఆ పాట వేరే అమ్మాయి గొంతుతో, డ్రోన్ షాట్లతో వచ్చింది. కింద పేర్లు చూసిన. నిర్మాత, కెమెరా, ఎడిటింగ్, డ్రోన్, పోస్టర్ డిజైన్, మేకప్. రచన దగ్గర 'జానపదం'. సేకరణ దగ్గర ఛానల్ ఓనర్ పేరు. లక్షల మంది చూసిండ్రు. ఆమె పేరు ఇక్కడ రాయాలనే అడిగిన. "వద్దు బిడ్డా, నా మనవడు వాళ్ల కాడనే పని చేస్తుండు" అన్నది. పాట కట్టినామెకు తన పేరు చెప్పుకోవాలన్నా భయమే.

'జానపదం' అనే మాట అమాయకమైంది కాదు. త్యాగరాయ కీర్తనకు కింద త్యాగరాజు పేరుంటది. అన్నమయ్య పదానికి అన్నమయ్య పేరుంటది. మా అవ్వ కట్టిన పాటకు 'జానపదం'. పేరున్న పాట సొత్తు, పేరు లేని పాట ఊరి చెరువు. ఎవడైనా బిందె ముంచుకోవచ్చు.

పేరున్న చోట కూడా చూడండి. 2021ల 'సారంగ దరియా' సినిమాలకు వచ్చినప్పుడు, ఆ పాటను తాను సేకరించి 'రేలా రె రేలా'లో పాడిన అని కోమలి టీవీల ముందుకు రావాల్సి వచ్చింది. అదే ఏడు 'భీమ్లా నాయక్' పాట మొదట్ల దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర మోగింది. 2022ల పద్మశ్రీ వచ్చింది. 2024 మేల ఆయన హైదరాబాద్ పక్కన భవనాల కాడ కూలి పని చేస్తున్న వీడియో అందరి ఫోన్లల్ల తిరిగింది. 'బలగం' చివర్ల అందరినీ ఏడిపించిన పస్తం మొగిలయ్య, బుడగజంగాల కళాకారుడు, కిడ్నీల జబ్బుతో సాయం కోసం ఎదురుచూసి 2024 డిసెంబరుల పోయిండు.

'భీమ్లా నాయక్'కు మూలం మలయాళం సినిమా 'అయ్యప్పనుం కోషియుం'. అందులో అట్టప్పాడి ఇరుళ ఆదివాసీ నంజియమ్మ తన భాషల తనే రాసిన పాట పాడింది. రచయితగా ఆమె పేరు వేసిండ్రు. 2022 జులైల జాతీయ ఉత్తమ గాయని అవార్డు ప్రకటించిండ్రు. అప్పుడు కొందరు సంగీతకారులు, జీవితమంతా సాధన చేసినోళ్లకు ఇది అవమానమన్నరు. చూసిండ్రా? పేరు లేనన్ని రోజులు మన పాట అందరికీ ముద్దు. పేరొచ్చిన రోజు సాధన గుర్తొస్తది.

5. "పాట ప్రజలది" అనే వాదం

కొందరు కామ్రేడ్లు ఈ మాట మీద నాతో గొడవ పడ్తరు. "పాట ప్రజలది. పేరు అడగడం స్వార్థం, పెట్టుబడిదారీ బుద్ధి." ఈ వాదంల గౌరవించాల్సింది ఒకటున్నది. రహస్య కాలంల పేరు చెప్తే ప్రాణం పోయేది. పాటను అందరూ అందుకొని పాడాలనే పేరు దాచుకున్న వీరులున్నరు.

కాని లెక్క చూద్దాం. 'బండెనక బండి' ఎవరి పాట అని ఏ కాలేజీలనైనా అడగండి. గద్దర్ పాట అంటరు. 'మా భూమి' సినిమాల గద్దర్ పాడిండు కాబట్టి. రాసింది తెలంగాణ సాయుధ పోరాటంల ప్రాణమిచ్చిన బండి యాదగిరి. ఇందుల గద్దర్ తప్పు లేదు. అచ్చు పుస్తకం లేనోడి పేరు జనం నోట్ల ఎంత తొందరగా జారిపోతదో చూపెట్టడానికి చెప్తున్న. పుస్తకాలు అచ్చేసుకున్న కవుల పేర్లు మాత్రం ఏ ప్రజా సంస్కృతిలనూ కలిసిపోలేదు, భద్రంగనే ఉన్నయ్. అందరి పేర్లూ తీసేద్దామంటే నేను సిద్ధమే. మాయే తీసేద్దామంటే ఒప్పుకోను.

ఒక మంచి ఉదాహరణ వాడపల్లికి ఎదురుంగనే ఉన్నది. కృష్ణ దాటితే పల్నాడు. పల్నాటి వీరుల కథ అనగానే బడి పుస్తకం శ్రీనాథుడి పేరు చెప్తది. ఆ కథను తరతరాలుగా పాడి నిలబెట్టిన గాయకులు మాలలు. వాళ్లను 'విద్యావంతులు' అంటరు, ఆ మాట గమనించండి. అమెరికా పరిశోధకుడు జీన్ రోఘైర్ 1970లల్ల వచ్చి కూసొని విని, రికార్డు చేసి, 1982ల 'ది ఎపిక్ ఆఫ్ పల్నాడు' పుస్తకం తెచ్చిండు. ఆ పుస్తకం పేరు కింద 'అలిసెట్టి గాలెయ్య పాడినట్టుగా' అని అచ్చయింది. ఒక్క పేరు. ఆ ఒక్క పేరు వల్ల ఇయ్యాల ప్రపంచంల ఎక్కడ ఆ కథ మీద పరిశోధన చేసినా గాలెయ్యను దాటి పోలేరు. పరాయి దేశపోడు చేసిన పని మనం చేయలేమా?

6. చేయాల్సిన పని

దక్షిణాఫ్రికాల సోలమన్ లిండా అనే జూలూ గాయకుడు 1939ల 'ఎంబూబే' పాట రికార్డు చేసిండు. హక్కులు అమ్ముకుంటే వచ్చింది పది షిల్లింగులు. ఆ పాటే తర్వాత 'ది లయన్ స్లీప్స్ టునైట్' అయి, డిస్నీ 'లయన్ కింగ్' దాకా పోయింది. లిండా 1962ల పేదరికంల పోయిండు. ఆయన బిడ్డలు కోర్టుకెక్కి 2006ల రాజీ ఒప్పందం దాకా కొట్లాడితే గాని కుటుంబానికి వాటా రాలేదు. మా అవ్వ ఐదువందలు, ఆయన పది షిల్లింగులు ఒకే లెక్క. కాకుంటే ఆ కేసుకు ఆధారం ఉండె: రికార్డు, దాని మీద పేరు.

చట్టం మన దగ్గరా ఉన్నది. 1957 కాపీరైట్ చట్టానికి 2012ల పెద్ద సవరణ వచ్చింది. పాట రాసినోళ్లు, బాణీ కట్టినోళ్లు హక్కు అమ్మేసినా రాయల్టీ వాటాను వదులుకున్నట్టు రాయించుకోవడం చెల్లదు. పాడినోళ్లకు వేరే హక్కున్నది, యాభై ఏండ్లు ఉంటది. ఇది నేను రాసిన పాట అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద అమ్మేసినంక కూడా మిగిలే ఉంటది. పాత జానపదం ఎవరి సొంతమూ కాకపోవచ్చు. దానికి మీరు కట్టిన కొత్త చరణం మీదే, మీ గొంతుతో పాడిన పాట మీద మీకు హక్కున్నది. రాసేటోళ్లు, బాణీ కట్టేటోళ్లు ఐపీఆర్ఎస్‌ల సభ్యులు కావచ్చు.

కాని చట్టానికి ఆధారం కావాలె. ఆధారం తయారు చేసే పని విద్యార్థులది. వచ్చే సెలవులకు మీ ఊరు పోయినప్పుడు మీ అవ్వను, మీ పెద్దనాయనను కూసోబెట్టి పాట రికార్డు చేయండి. మొదటి నిమిషంల వాళ్ల నోటితోనే పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నరో చెప్పించండి. ఏ చరణం పాతది, ఏది తాను కట్టిందో అడగండి. తేదీ రాయండి. బయట పెట్టాలంటే ముందు వాళ్లను అడగండి, వద్దంటే దాచిపెట్టండి. డప్పు కొట్టినోళ్ల పేర్లు కూడా రాయండి, కోరస్ పాడినోళ్లవీ రాయండి. ఎవరన్నా కాగితం మీద వేలిముద్ర అడిగితే వకీలుకు చూపించకుండా వేయనియ్యకండి. మీరే ఛానల్ నడుపుతుంటే 'జానపదం' అని రాసే ముందు ఒక్క ఫోన్ చేసి అడగండి, "అవ్వా, ఇది ఎవరు కట్టిండ్రు?" అని.

ఈ మూడు ఆల్బమ్‌లు చేసినోళ్లు మన కన్న గొప్ప గొంతు ఉన్నోళ్లేం కాదు. వాళ్ల ముందు తరం పేరు వాళ్లకు తెలుసు, దాన్ని అట్ట మీద రాసుకున్నరు. మన ముందు తరం ఇంకా మన ఇండ్లల్లనే బతికి ఉన్నది. కొందరికి ఎనభై దాటినయ్.

వచ్చే వారం పెద్దగట్టు జాతర డప్పు గురించి రాస్త. అప్పటిదాకా ఒక్కొక్కరు ఒక్క పాట, ఒక్క పేరు.

జై భీమ్.